నేర్చుకొనే నియంత్రణ

విశాఖపట్నంలోని మల్కాపురం పేరు చెప్పగానే చమురుశుద్ధి కర్మాగారం స్ఫురిస్తుంది. 1957లో కాల్టెక్స్ సంస్థ ప్రారంభించిన ఈ కర్మాగారం నేడు హిందుస్థాన్ పెట్రోలియం ఆధీనంలో ఉన్నది. ఇటువంటి చోట ముడిచమురును కొలిమిలో సుమారు 350 డిగ్రీల సెల్సియస్‌కు వేడిచేస్తారు. వేడి తగ్గితే ఇంధనాన్ని పెంచడం, పెరిగితే తగ్గించడం నియంత్రణ యంత్రం చేసే పని. ఈ పద్ధతి పాతది, నమ్మదగినది. అయితే వచ్చే చమురు ఎల్లవేళలా ఒకే తీరుగా ఉండదు. కొలిమి గొట్టాలలో మసి పేరుకొంటుంది. నిన్న సరిపోయిన సవరణ నేడు సరిపోదు.

మారే పరిస్థితికి తగినట్లు తన్ను తాను దిద్దుకొనే నియంత్రణ మన తలలోనే ఉన్నది. దాని ముఖ్యస్థానాలలో ఒకటి అనుమస్తిష్కం, అనగా చిన్నమెదడు. మొత్తం మెదడులోని సుమారు 8,600 కోట్ల నాడీకణాలలో దాదాపు 6,900 కోట్లు ఇందులోనే ఉన్నాయి. పసిబిడ్డ గిన్నె అందుకోబోయి తొలుత తడబడుతుంది. ఆ తడబాటు వార్త పర్కింజీ కణాలకు చేరి, నాడీసంధుల బలాన్ని మారుస్తుంది. ఈ భావాన్ని 1969లో డేవిడ్ మార్, 1971లో జేమ్స్ ఆల్బస్ ప్రతిపాదించారు. సంధిబలం పెరుగుతుందని మార్, తగ్గుతుందని ఆల్బస్ భావించారు. 1982లో జపాను శాస్త్రజ్ఞుడు మసావో ఇటో బృందం జరిపిన ప్రయోగంలో తగ్గడమే కనిపించింది. ఆల్బస్ వైద్యుడు కాదు, ఇంజనీరు! ఆయనే 1975లో ఆ నమూనాను అనుసరించి యంత్రహస్తాన్ని నడిపే నియంత్రకాన్ని ప్రతిపాదించారు.

బిడ్డ గిన్నె ఒలకబోస్తే తల్లి తుడుస్తుంది. కొలిమి విషయం అట్లా కాదు. 1997 సెప్టెంబరు 14న మల్కాపురం కర్మాగారంలో వంటగ్యాసు లీకై సంభవించిన పేలుళ్ళలో పదులకొద్దీ ప్రాణాలు పోయాయి. ఇటువంటి చోట తప్పులు చేస్తూ నేర్చుకొనే స్వేచ్ఛను యంత్రానికి ఇవ్వలేము. మద్రాసులో చదివి యేల్ విశ్వవిద్యాలయంలో ఆచార్యులైన కుంపటి నరేంద్ర, కన్నన్ పార్థసారథితో కలిసి 1990లో ప్రకటించిన వ్యాసం ఇక్కడ గమనింపదగినది. కృత్రిమ నాడీజాలం మొదట వ్యవస్థ స్వభావాన్ని గుర్తించాలి. ఆ నమూనా ఆధారంగా నియంత్రణను దిద్దుకోవాలి. దాదాపు అదే కాలంలో మిత్సువో కవాటో, మెదడు కూడా అవయవాల చలనానికి అంతర్గత నమూనాలను నిర్మించుకొంటుందని వాదించారు. ఇంజనీర్ల భాష ఈ విధంగా నాడీశాస్త్రానికి ఉపకరించింది.

అలంకారశాస్త్ర పరిభాషలో చెప్పాలంటే ఈ పోలిక ఉపమయే గాని రూపకం కాదు. కృత్రిమ నాడి అందిన అంకెలను తగిన తూకాలతో కూడి, ఫలితాన్ని ముందుకు పంపే గణితం మాత్రమే. సజీవ నాడిలో రసాయనాలు స్రవిస్తాయి, కొమ్మలు పెరుగుతాయి, కొన్ని సంధులు అంతరిస్తాయి.