అల్లం వాడితే ముందు గ్లాసుడు నీళ్లు

సాలూరు, పాచిపెంట కొండవాలుల్లో అల్లం ఇప్పుడు పిలకలు వేస్తోంది. ముసురు పట్టి విడిచి రెండు రోజులు ఎండ కాసిందంటే చేలో అక్కడక్కడా మొక్కలు తలలు వాలుస్తాయి. మనవాళ్లు అన్నిటినీ కలిపి దుంపకుళ్లు అనేస్తారు. నిజానికి ఇందులో రెండు జబ్బులున్నాయి. ఒకటి పిథియం అనే బూజు వల్ల వచ్చేది, రెండోది రాల్‌స్టోనియా అనే బాక్టీరియా వల్ల వచ్చేది. బూజు మందుకు బాక్టీరియా చావదు. సంతనాడు దుకాణానికి ఆకు పట్టుకెళ్తే చేతిలో పెట్టే పొట్లం మాత్రం ఎప్పుడూ ఒకటే!

రెండిటినీ చేలోనే చాలావరకు విడదీయవచ్చు. వాడుతున్న మొక్క కాండాన్ని మొదట్లో కోసి, శుభ్రంగా కడిగి, గాజు గ్లాసులోని తేట నీళ్లకు కోసిన కొన తగిలేలా పట్టుకోండి. కదపవద్దు. కొద్ది నిమిషాల్లో పాలలాంటి సన్నని దారం కిందికి దిగితే అది బాక్టీరియా. దుంపను కోసి నొక్కినా తెల్లని జిగురు చుక్క పైకి వస్తుంది. ఆకులు పచ్చగా ఉండగానే చుట్టుకుని వాడడం కూడా దాని గుర్తే. పిథియం అయితే కింది ఆకులు కొనల నుంచి పసుపు తిరుగుతాయి, నేలను ఆనిన కాండం నీరుపట్టి మెత్తబడుతుంది. నీళ్లలో దారం కనబడదు.

అనుమానం తీరకపోతే నమూనా పంపాలి. చాలామంది పూర్తిగా కుళ్లిన దుంప తెస్తారు, దానితో లాభం లేదు. కుళ్లు మీద చేరేవాటిలో చచ్చినదాన్ని తినే జీవులే ఎక్కువ, అసలు దొంగ వాటి కింద మునిగిపోతాడు. అందుకే ప్రయోగశాలలో జబ్బు భాగం, మంచి భాగం కలిసే అంచు నుంచే ముక్క కోస్తారు. పైమలినం పోయేలా క్లోరిన్ ద్రావణంలో కాసేపు ముంచి, సూక్ష్మజీవులు లేని నీళ్లలో కడిగి, పోషకాలు కలిపిన జిగురు పళ్లెం మీద పెంచుతారు. రాల్‌స్టోనియాకు కెల్మన్ అనే శాస్త్రవేత్త 1954లో రూపొందించిన టెట్రాజోలియం మాధ్యమం వాడతారు. రెండు మూడు రోజుల్లో చుట్టూ తెల్లగా, నడుమ గులాబీ రంగులో జారుడు చుక్కలు లేస్తాయి. ఒక్క చుక్కను వేరుచేసి ఆరోగ్యమైన అల్లం మొక్కకు ఎక్కిస్తారు. అదే జబ్బు వచ్చి, అందులోంచి అదే జీవి మళ్లీ దొరికితేనే నేరం రుజువైనట్టు. దీనికి వారాలు పడుతుంది, తొందరపెట్టవద్దు.

ఈలోగా బాక్టీరియా అని తోస్తే ఆ మొక్కలను మట్టితో సహా తవ్వి కాల్చేయండి, గెడ్డలో పారేయవద్దు. ఆ గుంటలో లీటరుకు 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ కలిపిన నీళ్లు పోయండి. పై మడి నీరు కింది మడికి పోకుండా కాలువ మళ్లించండి. పిథియం అయితే మెటలాక్సిల్, మాంకోజెబ్ కలిసిన మందు లీటరుకు 2 గ్రాములు కలిపి మొదళ్లు తడపండి. బాక్టీరియా సోకిన చేను దుంపను విత్తనానికి ఉంచవద్దు. మరుసటి ఏడు అక్కడ వంగ, టమాటా, మిరప వద్దు, చోడి గాని మొక్కజొన్న గాని వేయండి.

నమూనాకు సగం వాడిన మొక్కలను వేళ్లతో, మట్టితో తీసి కాగితంలో చుట్టండి. ప్లాస్టిక్ సంచిలో ఉక్కకు కుళ్లిపోతాయి. రైతు సేవా కేంద్రంలో గాని, రస్తాకుంటుబాయి కృషి విజ్ఞాన కేంద్రంలో గాని ఒకటి రెండు రోజుల్లో ఇవ్వండి. మందు కొట్టిన మొక్కలోంచి జీవిని పెంచడం కష్టం, కాబట్టి పిచికారీకి ముందే నమూనా తీయండి.