బొమ్మ రైలుకు అసలు వాన: అండమాన్ పెరట్లో పట్టాలు వేయాలంటే

అండమాన్ నికోబార్ దీవుల్లో ప్రయాణికుల రైలు లేదు. బ్రిటిష్ కాలంలో అడవుల నుంచి దుంగలను తరలించడానికి ఏనుగులతోపాటు చిన్న ట్రామ్ పట్టాలను కూడా వాడారు. 1883లో మొదలైన చాతాం రంపపు మిల్లు ఆ కలప యుగానికి గుర్తుగా నేటికీ ఉంది. పోర్ట్ బ్లెయిర్ నుంచి ఉత్తరాన ఉన్న డిగ్లీపూర్ వరకు సుమారు 240 కిలోమీటర్ల రైలు మార్గం వేయాలన్న ప్రతిపాదన 2017లో వార్తల్లోకి వచ్చింది. పట్టాలు మాత్రం పడలేదు. అందుకే ఈ దీవుల్లో పుట్టి పెరిగిన పిల్లలు రైలును చూడాలంటే ఓడో విమానమో ఎక్కి దేశ ప్రధాన భూభాగానికి రావాల్సిందే.

అలాంటి చోట ఇంటి పెరట్లోనో బడి తోటలోనో నడిచే చిన్న రైలు ఆటవస్తువుగా మాత్రమే మిగలదు. పట్టాల కింద కంకర ఎందుకు పోస్తారో, కీళ్ల దగ్గర ఖాళీ ఎందుకు వదులుతారో, కొండ ఎక్కేటప్పుడు ఇంజిన్ ఎందుకు జారుతుందో కళ్లతో చూసి తెలుసుకునే ప్రయోగశాల అవుతుంది. అయితే ఇందులో ఒక చిక్కుంది. రైలును ఎంత చిన్నదిగానైనా చేయవచ్చు కానీ వానను, ఎండను, ఉప్పుగాలిని చిన్నవి చేయలేం. ఈ సంగతి మరిచి వేసిన పట్టాలు ఒక్క వానాకాలం కూడా దాటకపోవచ్చు.

ఎంత చిన్నది?

నమూనా రైళ్లలో చాలావరకు ఇంటి లోపల నడిచేవే. పుణెలో 1998లో ప్రారంభమైన జోషి సూక్ష్మ రైల్వేల మ్యూజియంలోని రైళ్లు అసలు రైలులో 87వ వంతు కొలతలతో ఉంటాయి. పైకప్పు కింద ఆ కొలత చక్కగా సరిపోతుంది. ఆరుబయట అయితే ఒక ఎండుటాకు, చిన్న గులకరాయి కూడా అంత చిన్న రైలును పట్టాలు తప్పించగలవు.

అందుకే తోటలకు ఇంకాస్త పెద్ద కొలత కావాలి. 1968లో జర్మనీకి చెందిన లేమన్ సంస్థ ‘ఎల్‌జీబీ’ పేరుతో 45 మిల్లీమీటర్ల వెడల్పు పట్టాల మీద నడిచే రైళ్లను తెచ్చింది. వీటి నిష్పత్తి 1:22.5. మీటర్ గేజ్ పట్టాల మధ్య దూరమైన 1000 మిల్లీమీటర్లను 22.5తో భాగిస్తే 44.4 వస్తుంది. అంటే మన నీలగిరి కొండ రైలు నడిచే మీటర్ గేజ్‌కు ఇది సరైన నమూనా కొలత.

ఇక్కడొక లెక్క గమనించాలి. పొడవు 22.5 రెట్లు తగ్గితే ఘనపరిమాణం 22.5 ఘనం, అంటే సుమారు 11,390 రెట్లు తగ్గుతుంది. అవే పదార్థాలతో చేస్తే 45 టన్నుల ఇంజిన్ నమూనా దాదాపు 4 కిలోలు తూగుతుంది. గంటకు 45 కిలోమీటర్ల వేగానికి సమానమైన నమూనా వేగం గంటకు 2 కిలోమీటర్లు. వంపుల దగ్గర రైలును పక్కకు నెట్టే ప్రభావం కూడా 22.5వ వంతుకు పడిపోతుంది. కాబట్టి 60 సెంటీమీటర్ల వ్యాసార్ధం ఉన్న వంపులో బొమ్మ రైలు హాయిగా తిరుగుతుంది. అసలు కొలతలో అది 13.5 మీటర్ల వంపు. అంత ఇరుకు మలుపులో మామూలు రైలు నడవదు.

వాన మాత్రం అసలుదే

పోర్ట్ బ్లెయిర్ పేరును 2024లో శ్రీ విజయపురంగా మార్చారు. అక్కడ ఏడాదికి దాదాపు 3,000 మిల్లీమీటర్ల వర్షం పడుతుంది. ఇది ఆంధ్రప్రదేశ్ సగటుకు సుమారు మూడు రెట్లు. నైరుతి రుతుపవనాలు మే నెలలోనే వస్తాయి. అవి వెళ్లాక ఈశాన్య రుతుపవనాల వానలు అందుకుంటాయి. బొమ్మ పెట్టె మీద 3 మిల్లీమీటర్ల చినుకు పడడం, అసలు రైలు మీద బత్తాయి పండంత నీటి ముద్ద పడడంతో సమానం.

ఒక రోజు 100 మిల్లీమీటర్ల వాన కురిస్తే, 20 చదరపు మీటర్ల పెరట్లో పడే నీరు 2,000 లీటర్లు. పట్టాలను నేరుగా మట్టి మీద పరిస్తే ఈ నీరు కింది మట్టిని కోసుకుపోతుంది. అందుకే ముందు 10 నుంచి 15 సెంటీమీటర్ల లోతు కాలువ తవ్వి, నీటిని వదిలి మట్టిని ఆపే జియోటెక్స్‌టైల్ గుడ్డ పరచాలి. దాని మీద సన్నని రాతి చిప్స్ పోయాలి. నున్నని గులకరాళ్లు ఒకదాని మీద ఒకటి దొర్లిపోతాయి. కోణాలున్న చిప్స్ ఒకదానితో ఒకటి చిక్కుకుని స్లీపర్లను కదలనివ్వవు. పెద్ద రైలు మార్గాల్లో కంకర చేసే పనీ ఇదే.

ఒడ్డున దొరికే ఇసుక, పగడపు ముక్కలు ఈ పనికి వాడకూడదు. పగడాలకు వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణ ఉంది, వాటిని ఏరుకోవడం నేరం. సముద్రపు ఇసుకలోని ఉప్పు లోహాన్ని తినేస్తుంది. పట్టాలను సిమెంటులో బిగించేయడం కూడా మంచిది కాదు. అండమాన్ అతి తీవ్రమైన భూకంప ముప్పు ఉన్న ప్రాంతం. చిన్న ప్రకంపనకు నేల కాస్త సర్దుకున్నా, చిప్స్ మీద ఉన్న పట్టాలను చేత్తో సరిచేయవచ్చు. పగిలిన సిమెంటును మళ్లీ కొట్టి పోయాలి.

నడినెత్తిన సూర్యుడు

శ్రీ విజయపురం ఉత్తర అక్షాంశం 11.6 డిగ్రీల దగ్గర ఉంది. ఏప్రిల్ 20 ప్రాంతంలో ఒకసారి, ఆగస్టు 22 ప్రాంతంలో మరోసారి మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు. మబ్బు లేని రోజున ఎండలోని లోహం 60 డిగ్రీల సెల్సియస్ వరకు వేడెక్కగలదు.

తెల్లవారుజామున 23 డిగ్రీల దగ్గర ఉన్న పట్టా మధ్యాహ్నానికి 60కి చేరిందనుకుందాం. తేడా 37 డిగ్రీలు. ఒక డిగ్రీ పెరిగితే మీటరు పొడవు ఇత్తడి సుమారు 0.019 మిల్లీమీటర్లు సాగుతుంది. ఆ లెక్కన 10 మీటర్ల వరుస 7 మిల్లీమీటర్లు పెరుగుతుంది. ఖాళీ లేకపోతే ఆ 7 మిల్లీమీటర్లు పట్టాను పక్కకు వంచుతాయి. ఒకటిన్నర మీటర్ల ముక్కలతో వేస్తే 10 మీటర్లలో దాదాపు ఏడు ముక్కలు వస్తాయి. చల్లని వేళ వేసేటప్పుడు ఒక్కో కీలు దగ్గర ఒక మిల్లీమీటరు వదిలితే చాలు. మిట్టమధ్యాహ్నం వేస్తే పట్టా అప్పటికే సాగి ఉంటుంది కాబట్టి ఖాళీ దాదాపు అక్కర్లేదు. పట్టా వేసిన వేళను బట్టి ఖాళీ మారుతుందన్నమాట.

ఎత్తు ఎక్కేటప్పుడు

4 కిలోల ఇంజిన్ 5 కిలోల పెట్టెలను లాగుతోందనుకుందాం. వంద సెంటీమీటర్లకు రెండు సెంటీమీటర్లు లేచే వాలులో మొత్తం 9 కిలోలను పైకి తీసుకెళ్లడానికి సుమారు 1.8 న్యూటన్ల బలం కావాలి. ఘర్షణ గుణకం 0.2 అయితే, అన్ని చక్రాలూ తిరిగే ఇంజిన్ జారకుండా 7.8 న్యూటన్ల వరకు లాగగలదు. పట్టా తడిసి, రాలిన ఆకులు నలిగి ఘర్షణ సగానికి తగ్గినా 3.9 న్యూటన్లు మిగులుతాయి. రైలు ఎక్కుతుంది.

అదే వాలును వందకు ఎనిమిది చేస్తే కావలసిన బలం 7.1 న్యూటన్లు. చక్రాల దొర్లుడు నిరోధం కూడా కలిపితే పొడి పట్టా మీదే కష్టం, తడి పట్టా మీద అసాధ్యం. నీలగిరి మార్గంలో అత్యంత నిటారైన చోట్ల వాలు దాదాపు ఇంతే. అందుకే అక్కడ పట్టాల మధ్య పళ్ల కడ్డీ అమర్చి, ఇంజిన్ కింది పళ్ల చక్రంతో ఎక్కిస్తారు. పళ్ల కడ్డీ లేని పెరటి రైలుకు రెండు శాతం వాలు క్షేమం.

ఉప్పుగాలి, కరెంటు

సాధారణంగా నమూనా రైళ్లకు పట్టాల ద్వారానే 24 వోల్టుల లోపు కరెంటు అందిస్తారు. సముద్రపు గాలిలో ఇది చికాకు పెడుతుంది. గాలి మోసుకొచ్చే ఉప్పు, తేమతో కలిసి పట్టాల మీద పల్చని పొర కడుతుంది. లోహం నల్లబడి, కీళ్ల దగ్గర విద్యుత్ నిరోధం పెరుగుతుంది. రైలు దూరం వెళ్లేకొద్దీ వోల్టేజి పడిపోయి, చివరికి ఆగిపోతుంది. ఇంజిన్‌లోనే రీఛార్జి బ్యాటరీ పెట్టి రేడియో రిమోట్‌తో నడిపితే పట్టాలు రైలు బరువు మోస్తే చాలు, కరెంటు మోయనక్కర్లేదు. పని అయ్యాక ఇంజిన్‌ను ఎండలో వదలకుండా లోపల పెట్టుకోవాలి.

మేకుల విషయంలోనూ జాగ్రత్త అవసరం. ఇత్తడి పట్టాకు ఇనుప స్క్రూ బిగిస్తే, ఉప్పునీటి పొర ఆ రెండింటినీ కలిపి చిన్న బ్యాటరీలా మారుస్తుంది. ఎలక్ట్రాన్లు కోల్పోయేది ఇనుము. పెద్ద ఇత్తడి ముక్కకు తగిలిన చిన్న స్క్రూ మామూలుకంటే త్వరగా తుప్పు పడుతుంది. ఇత్తడి లేదా మంచి రకం స్టెయిన్‌లెస్ స్టీలు స్క్రూలు వాడాలి. స్లీపర్లు అతినీలలోహిత కిరణాలను తట్టుకునే ప్లాస్టిక్‌వి కావాలి. మామూలు ప్లాస్టిక్ ఎండకు పెళుసెక్కి విరుగుతుంది.

మొదట రెండు మీటర్లు

మొత్తం పెరడు తవ్వే ముందు రెండు మీటర్ల పట్టా వేసి ఒక వానాకాలం వదిలేయడం తెలివైన పని. ఉదయం, మధ్యాహ్నం కీలు దగ్గరి ఖాళీని కొలవాలి. వాన వెలిశాక ఎంతసేపు నీరు నిలిచిందో, చిప్స్ ఎక్కడ కుంగాయో, ఏ స్క్రూ ముందు తుప్పు పట్టిందో పుస్తకంలో రాసుకోవాలి. ఆ పుస్తకం నిండేసరికి రైలే లేని దీవిలో ఒక పిల్లవాడికి రైలు మార్గం ఎలా నిలబడుతుందో తెలుస్తుంది. మిగతా పట్టాలు ఎలా వేయాలో కూడా ఆ పుస్తకమే చెబుతుంది.