17వ పాఠం: మారుపేరుతో అచ్చయిన కథను వెతకడం

17.0 ఉపోద్ఘాతం

క్రిందటి పాఠంలో గ్రంథాలయ సూచికను ఎలా చూడాలో తెలుసుకున్నారు. రచయిత పేరు తెలిస్తే పుస్తకం దొరకడం ఎంత తేలికో గమనించారు కదా! మరి ఆ పేరే అసలు పేరు కాకపోతే? ఒక పత్రికలో ఒక్కసారి అచ్చయి, ఏ సంపుటంలోనూ చేరకుండా ఉండిపోయిన కథ కావాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి? ఈ పాఠంలో ఆ పనిని ఒక పెద్ద రచయిత ఉదాహరణతో నేర్చుకుంటారు. ఒక్క బిగిన చదవనక్కరలేదు. కాగితం, పెన్సిలు దగ్గర పెట్టుకోండి.

17.1 నవాబ్‌రాయ్ ఎవరు?

ప్రేమ్‌చంద్ పేరు మీరు వినే ఉంటారు. ‘గోదాన్’ నవల రాసినది ఆయనే. 1880లో కాశీ దగ్గరి లమహీ గ్రామంలో పుట్టారు. తల్లిదండ్రులు పెట్టిన పేరు ధనపత్‌రాయ్. ఇంట్లో ముద్దుగా ‘నవాబ్’ అని పిలిచేవారు. ఆయన మొదట ఉర్దూలో రాశారు. ‘నవాబ్‌రాయ్’ అన్న పేరుతో కాన్పూరు నుండి వచ్చే ‘జమానా’ మాసపత్రికలో ఆయన రచనలు వచ్చేవి. ఆ పత్రిక సంపాదకుడు దయానారాయణ్ నిగమ్ ఆయనకు ఆప్తమిత్రుడు.

1908లో ఆయన అయిదు కథలతో ‘సోజ్-ఎ-వతన్’ అనే చిన్న పుస్తకం వేశారు. దేశభక్తి నిండిన కథలవి. అప్పటికి ఆయన ప్రభుత్వోద్యోగి. తరువాత హమీర్‌పూర్ జిల్లాలో పాఠశాలల తనిఖీ పనిలో ఉండగా, నవాబ్‌రాయ్ ఎవరో అధికారులకు తెలిసిపోయింది. కలెక్టరు పిలుపు వస్తే ఎడ్లబండి కట్టించుకుని రాత్రికి రాత్రి వెళ్ళారు. కలెక్టరు ఇది రాజద్రోహమన్నాడు. ఆయనే తరువాత రాసుకున్న దాని ప్రకారం, అచ్చయినవి 1000 ప్రతులు, అమ్ముడయినవి సుమారు 300, మిగిలిన 700 అధికారికి అప్పగించవలసి వచ్చింది. ఇక మీదట ఏది రాసినా ముందుగా చూపించాలని ఆంక్ష కూడా పడింది.

ఉద్యోగం వదులుకోవాలా, రాయడం మానుకోవాలా? నిగమ్ సూచన మేరకు ఆయన పేరే మార్చుకున్నారు. 1910 డిసెంబరు ‘జమానా’లో ‘బడే ఘర్ కీ బేటీ’ కథ ‘ప్రేమ్‌చంద్’ పేరుతో వచ్చింది. లోకానికి ఆ పేరే మిగిలింది. నవాబ్‌రాయ్ పేరుతో వచ్చినవాటిలో చాలా కథలు మాత్రం పాత సంచికల మధ్యనే ఉండిపోయాయి.

17.2 కథ ఎలా కనిపించకుండా పోతుంది?

పేరు మారినందువల్ల మాత్రమే కథ పోయిందని అనుకోకండి. ప్రేమ్‌చంద్ విషయంలో మరో చిక్కు ఉంది. ఒకే కథను ఆయన ఉర్దూలోనూ హిందీలోనూ రాసేవారు. ఒక భాషలోని పేరు రెండవ భాషలో ఉండకపోవచ్చు. ‘శత్‌రంజ్ కే ఖిలాడీ’ ఉర్దూలో ‘శత్‌రంజ్ కీ బాజీ’ అయింది. ‘కఫన్’ 1935 చివర ఉర్దూ పత్రిక ‘జామియా’లో ముందు వచ్చి, 1936లో హిందీ పత్రిక ‘చాంద్’లో వచ్చింది. పేరుతో మాత్రమే వెతికేవారు ఒక కథను రెండుగా లెక్కించవచ్చు, లేదా రెండింటిలో ఒకదానిని అసలు చూడకుండానే వదిలేయవచ్చు.

పత్రికల సంగతి సరేసరి. కథల సంపుటం వేసేటప్పుడు రచయిత తనకు నచ్చినవాటినే ఏరుకుంటాడు. మిగిలినవి సంచికలతో పాటు కిలోల లెక్కన అమ్ముడుపోతాయి. గ్రంథాలయాల్లో పన్నెండు సంచికలను కలిపి కుట్టేటప్పుడు ముఖచిత్రాలనూ ప్రకటనల పేజీలనూ చింపివేయడం మామూలే. ఒక్కొక్కప్పుడు విషయసూచిక ఆ అట్ట మీదనే ఉంటుంది!

17.3 వెతికిన తీరు

ప్రేమ్‌చంద్ 1936లో మరణించారు. ఆయన చిన్న కుమారుడు అమృత్‌రాయ్ తండ్రి జీవితచరిత్ర రాయడానికి పూనుకుని, దానితో పాటే దొరకని రచనలను వెతికారు. ఫలితంగా 1962లో ‘గుప్తధన్’ పేరుతో రెండు సంపుటాలు వచ్చాయి. వాటిలో 56 కథలున్నాయి. ఉర్దూలో ఉన్నవాటిని హిందీ పాఠకులకు అందేటట్లు చేసి ఇచ్చారు. అదే సంవత్సరం జీవితచరిత్ర ‘కలమ్ కా సిపాహీ’, ఉత్తరాల సంకలనం ‘చిట్ఠీ పత్రీ’ కూడా వెలువడ్డాయి. ఆ తరువాత కమల్ కిశోర్ గోయెంకా మరికొన్ని రచనలు బయటికి తెచ్చారు.

ఇక్కడ ఉత్తరాల మాట ప్రత్యేకంగా చెప్పుకోవాలి. రచయిత సంపాదకుడికి రాసిన ఉత్తరాలలో ‘ఫలానా కథ పంపుతున్నాను’, ‘క్రిందటి కథకు డబ్బు రాలేదు’ వంటి మాటలుంటాయి. తేదీ కూడా ఉంటుంది. మారుపేరు పాఠకుల కోసమే కాని, మనియార్డరు పంపవలసిన సంపాదకుడి కోసం కాదు. అందుచేత మారుపేరు రచయితను పట్టుకోవడానికి సంపాదకుడి కాగితాలను మించిన ఆధారం లేదని నా అభిప్రాయం. శైలిని బట్టి ‘ఇది ఆయనదే’ అని తేల్చేవారు చాలామంది ఉంటారు. ఒక రచయిత బాగా పేరు పొందిన తరువాత ఆయనలాగా రాసేవారు పదిమంది పుడతారు. శైలి దారి చూపుతుందే తప్ప రుజువు కాజాలదు.

రచయిత చెప్పిన మాటనయినా నమ్మవచ్చా? తన తొలి కథ ‘దునియా కా సబ్‌సే అన్‌మోల్ రతన్’ అనీ, అది 1907 ‘జమానా’లో వచ్చిందనీ ప్రేమ్‌చంద్ రాశారు. పరిశోధకులు ఆ ఏటి సంచికలు తిరగవేస్తే అందులో ఆ కథ లేదు. 1908 ఏప్రిల్ ‘జమానా’లో వచ్చిన మరో కథ అచ్చులో ముందుదని తేలింది. పాతికేళ్ళ తరువాత గుర్తు తెచ్చుకుని రాసిన మాటకూ, కళ్ళెదుట ఉన్న సంచికకూ తేడా వస్తే సంచికనే నమ్మాలి.

మీరు వెతకవలసి వస్తే కథ మొత్తం గుర్తు లేకపోయినా ఫరవాలేదు. గుర్తున్న పాత్ర పేరు, ఊరు, బొమ్మ ఉంటే ఆ బొమ్మ, చదివినది ఏ పండుగ రోజులలో అన్నది కాగితం మీద పెట్టండి. ఉగాది, దీపావళి ప్రత్యేక సంచికలలో కథలు ఎక్కువగా ఉంటాయి గనుక అవి ముందు చూడండి. సంచిక దొరికితే కథతో ఆగకండి. తరువాతి రెండు మూడు సంచికలలో పాఠకుల లేఖలు చదవండి. రచయిత అసలు పేరు తెలిసిన అభిమాని ఎవరో అక్కడ నోరు జారి ఉండవచ్చు.

కథ పుస్తకంగా వచ్చి ఉంటే మరో ఆధారం ఉంది. 1867 నాటి చట్టం ప్రకారం అచ్చయిన ప్రతి పుస్తకాన్నీ ప్రభుత్వానికి పంపవలసి ఉండేది. ఆ జాబితాలు మూడు నెలలకొకసారి గెజిటులో వచ్చేవి. వాటిలో ముద్రాపకుడి పేరు, ఊరు, ధర, ఎన్ని ప్రతులు వేశారన్నదీ ఉంటాయి.

17.4 తెలుగు కథల విషయం

తెలుగులో ‘శారద’ పేరు చూసి స్త్రీ అనుకున్నవారున్నారు. ఆయన నటరాజన్. తమిళుడు. పసితనంలో తెనాలి చేరి, హోటళ్ళలో పనిచేస్తూ తెలుగు నేర్చుకుని కథలూ నవలలూ రాశారు. ముప్పై ఏళ్ళు దాటిన కొద్దికాలానికే, 1955లో మరణించారు. శారద అన్న పేరు సూచికలో వెతికితే ఎందరో శారదలు ఎదురవుతారు. పక్కన ఊరూ సంవత్సరమూ లేనిదే ఏది ఎవరిదో తెలియదు. ‘బీనాదేవి’ పేరు వెనుక ఉన్నది ఒక్కరు కాదు, భార్యాభర్తలిద్దరు. భర్త పోయిన తరువాత భార్య అదే పేరుతో రాశారు. కాబట్టి ఆ పేరుతో వచ్చిన కథ ఎవరిదో చెప్పడానికి తేదీ ముఖ్యం.

ఇటువంటి పని కోసమే కాళీపట్నం రామారావు 1997లో శ్రీకాకుళంలో ‘కథానిలయం’ నెలకొల్పారు. తెలుగు కథ అన్నది ఎక్కడ అచ్చయినా ఒక ప్రతి అక్కడ ఉండాలన్నది ఆయన పట్టుదల. ప్రకాశం జిల్లాలో భాగంగా ఉండి, 2022లో బాపట్ల జిల్లాలోకి వచ్చిన వేటపాలెంలోని సారస్వత నికేతనం 1918 నాటిది. పాత పత్రికలకు అది పేరు పొందింది.

17.5 ముసుగు తీయవచ్చునా?

ఈ ప్రశ్న పుస్తకాలలో అరుదుగా కనిపిస్తుంది. నవాబ్‌రాయ్ ఎవరో బయటపడినందుకు ఒక మనిషి ఉద్యోగం ఊగిసలాడింది, 700 పుస్తకాలు బూడిద అయ్యాయి. రచయిత బ్రతికి ఉండి, ఇంటివారికో పై అధికారికో భయపడి పేరు దాచుకుంటే, మీరు కథను వెతకండి, పేరును వెతకకండి. కథను భద్రపరచడానికి అసలు పేరు అవసరం లేదు. రచయిత గతించి చాలాకాలమయితే కుటుంబంవారిని అడగడం మర్యాద.

చట్టం మాట కూడా తెలుసుకోండి. మన 1957 కాపీరైటు చట్టం ప్రకారం మారుపేరుతో ప్రచురించిన రచనకు హక్కు ప్రచురణ నాటి నుండి 60 సంవత్సరాలు. ఆలోగా అసలు రచయిత ఎవరో వెల్లడయితే, రచయిత మరణించిన నాటి నుండి 60 సంవత్సరాలు. అంటే పేరు తేలడం వల్ల రచయిత పిల్లలకు రావలసిన హక్కు నిలబడవచ్చు. దొరికిన కథను తిరిగి అచ్చు వేయాలనుకునేవారు ఈ లెక్క ముందు చూసుకోవాలి.

అభ్యాసం

1. ప్రేమ్‌చంద్ తన తొలి కథ గురించి చెప్పిన మాటను పరిశోధకులు ఎలా పరీక్షించారు? నాలుగు వాక్యాలలో రాయండి.

2. సంపాదకుడి కాగితాలు, శైలి: ఈ రెండింటిలో ఏది బలమైన ఆధారం? ఈ పాఠంలోని అభిప్రాయంతో మీరు ఏకీభవించకపోతే కారణం రాయండి.

3. మీ ఇంట్లో పెద్దవారిని, చిన్నప్పుడు పత్రికలో చదివి మళ్ళీ ఎన్నడూ చూడని కథ ఒకటి చెప్పమనండి. వారికి గుర్తున్నంతవరకే రాసుకోండి, మీరేమీ చేర్చకండి. ఆ కాగితంతో దగ్గరి శాఖా గ్రంథాలయానికి వెళ్ళి, పాత సంచికలు ఏ సంవత్సరం నుండి ఉన్నాయో ముందుగా అడగండి.