కరెంటు అమ్మేవాళ్లే పొదుపు చేయమంటారెందుకు?



కిరాణా కొట్టు యజమాని ఎప్పుడైనా "ఈ నెల సరుకులు కాస్త తక్కువ కొనండి" అని చెప్పగా విన్నామా? వినలేదు. కానీ కరెంటు అమ్మే సంస్థలు మాత్రం బిల్లుల మీద, సబ్‌స్టేషన్ గోడల మీద "విద్యుత్తును పొదుపుగా వాడండి" అని రాస్తాయి. ఏటా డిసెంబరు 14న జాతీయ ఇంధన పొదుపు దినం జరిపి ఊరేగింపులు తీస్తాయి, వ్యాసరచన పోటీలు పెడతాయి. అమ్మేవాడే తక్కువ కొనమంటే అందులో ఏదో మర్మం ఉండాలి. ఆ మర్మం తెలుసుకుంటే మన భౌతికశాస్త్రం పాఠం, అర్థశాస్త్రం పాఠం రెండూ ఒకేచోట అర్థమవుతాయి. మన ఇంటి బిల్లు కూడా అర్థమవుతుంది.

యూనిట్ అంటే ఎంత?

1000 వాట్ల పరికరం ఒక గంట పనిచేస్తే ఖర్చయ్యేది ఒక యూనిట్. 60 వాట్ల పాత బల్బు సుమారు 16 గంటల 40 నిమిషాలు వెలిగితే ఒక యూనిట్ అవుతుంది. 9 వాట్ల ఎల్ఈడీ బల్బు దాదాపు అంతే వెలుగునిస్తూ అదే యూనిట్‌తో 111 గంటలు వెలుగుతుంది. పాత బల్బులో కరెంటు చాలా భాగం వేడిగా పోతుంది, వెలుగుగా మారేది బహు కొద్ది. ఇంధన సామర్థ్యం అంటే ఇదే: చీకట్లో కూర్చోవడం కాదు, అదే వెలుగును తక్కువ కరెంటుతో పొందడం.

అమ్మేవాడికి వచ్చే లాభం

కరెంటును బస్తాల్లో బియ్యంలా పెద్ద ఎత్తున నిల్వ చేయడం కష్టం, ఖర్చుతో కూడిన పని. ఏ క్షణంలో ఎంత వాడుతున్నామో ఆ క్షణంలో అంత ఉత్పత్తి కావాలి. సాయంత్రం 6 గంటల నుంచి రాత్రి 10 దాకా ఇళ్లు, దుకాణాలు, వీధిదీపాలు అన్నీ ఒక్కసారిగా వెలుగుతాయి. ఆ నాలుగు గంటల గిరాకీ కోసం పంపిణీ సంస్థలు, అంటే డిస్కంలు, బయట మార్కెట్లో కరెంటు కొనవలసి వస్తుంది. ఆ ధర ఎంత పెరుగుతుందంటే, విద్యుత్ ఎక్స్ఛేంజిలో యూనిట్ రూ.10 మించకూడదని 2023లో కేంద్ర నియంత్రణ మండలి హద్దు పెట్టవలసి వచ్చింది.

ఇప్పుడు అమ్మకం ధర చూడండి. 2022-23 ఆంధ్రప్రదేశ్ టారిఫ్ ప్రకారం ఇళ్లకు మొదటి 30 యూనిట్లకు ధర యూనిట్‌కు రూ.1.90. ఎక్కువ ధరకు కొని తక్కువ ధరకు అమ్మేవాడికి, ఆ యూనిట్ అమ్ముడుపోకపోవడమే లాభం! కొంత తేడాను ప్రభుత్వం సబ్సిడీగా భరిస్తుంది. మిగిలినది తర్వాతి నెలల్లో ఇంధన సర్దుబాటు చార్జీ పేరుతో, ట్రూ-అప్ పేరుతో మళ్లీ మన బిల్లులోకే వస్తుంది.

కొత్త విద్యుత్ కేంద్రం కట్టాలంటే వేల కోట్ల రూపాయలు, ఏళ్ల కాలం కావాలి. పొదుపైన యూనిట్‌కు బొగ్గు అక్కర్లేదు, భూమి అక్కర్లేదు, పొగ రాదు. అందుకే "పొదుపు చేసిన యూనిట్ ఉత్పత్తి చేసిన యూనిట్‌తో సమానం" అంటారు. నిజానికి సమానం కంటే ఎక్కువ. మన స్విచ్ దగ్గరకు ఒక యూనిట్ చేరాలంటే, దారిలో పోయేది కూడా కలిపి, కేంద్రంలో ఒకటి కంటే ఎక్కువే తయారు కావాలి.

అయితే లాభానికి అమ్మే చోట సంస్థకు పొదుపు మీద ఆసక్తి ఎలా పుడుతుంది? అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రం ఇందుకు 1982లో ఒక ఉపాయం చేసింది. సంస్థకు రావలసిన ఆదాయాన్ని నియంత్రణ మండలి ముందే నిర్ణయిస్తుంది. అమ్మకం తగ్గితే ధర సరిచేసి ఆ ఆదాయం నిలుపుతుంది, పెరిగితే అదనాన్ని వినియోగదారులకు తిరిగి ఇప్పిస్తుంది. దాంతో ఎక్కువ అమ్మాలన్న తాపత్రయం సంస్థకు లేకుండా పోయింది.

వినియోగదారుల చేత పొదుపు చేయించే మార్గాలు

మన దేశంలో ఇంధన పొదుపు చట్టం 2001లో వచ్చింది. దాని కింద 2002 మార్చిలో ఇంధన సామర్థ్య బ్యూరో ఏర్పడింది. ఫ్రిజ్‌ల మీద, ఏసీల మీద మనం చూసే నక్షత్రాల గుర్తు ఆ బ్యూరో 2006లో మొదలుపెట్టినదే. నక్షత్రాలు ఎక్కువైతే కరెంటు ఖర్చు తక్కువ. సీలింగ్ ఫ్యాన్లకు ఈ గుర్తు 2023 జనవరి నుంచి తప్పనిసరి అయింది.

రెండవది, చౌక బల్బు. 2014 చివర్లో ఆంధ్రప్రదేశ్‌లోని గుంటూరు, అనంతపురం, శ్రీకాకుళం, పశ్చిమ గోదావరి జిల్లాల్లో, పాత బల్బు తెచ్చిచ్చిన ఇంటికి ఎల్ఈడీ బల్బు రూ.10కే, ఇంటికి రెండు చొప్పున ఇచ్చారు. మిగతా ధరను ప్రభుత్వ రంగ సంస్థ ఈఈఎస్ఎల్ ముందుగా పెట్టుకుంది. కరెంటు కొనుగోలులో మిగిలిన డబ్బులోంచి డిస్కం దానికి వాయిదాల్లో తీర్చింది. పేదవాడి జేబులోంచి పెట్టుబడి అడగకుండా పొదుపు చేయించిన పద్ధతి ఇది. 2015 జనవరి 5న ఇదే ఉజాలా పథకంగా దేశమంతటా మొదలైంది. దీని కింద 36 కోట్లకు పైగా బల్బులు పంపిణీ అయ్యాయి. ఇంత పెద్ద మొత్తంలో టెండర్లు పిలవడంతో, 2014 ఆరంభంలో రూ.310 ఉన్న బల్బు కొనుగోలు ధర 2016కల్లా రూ.38కి పడిపోయింది.

మూడవది, వ్యవసాయ మోటార్లు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2004 మేలో వ్యవసాయానికి ఉచిత విద్యుత్తు మొదలైంది. ఆ తర్వాత వచ్చిన టారిఫ్ ఉత్తర్వుల్లో దానికి నాలుగు షరతులు చేర్చారు: ఐఎస్ఐ గుర్తు ఉన్న పంపుసెట్టు, కెపాసిటర్, నీటికి అడ్డుతగలని ఫుట్‌వాల్వు, నునుపైన ప్లాస్టిక్ పైపులు. ఇరుకు ఫుట్‌వాల్వు, తుప్పుపట్టిన ఇనుప పైపు ఉంటే మోటారు శక్తి నీళ్లు ఎత్తడానికి బదులు రాపిడికే ఖర్చవుతుంది. కెపాసిటర్ ఉంటే అదే పనికి లైను నుంచి మోటారు తీసుకునే కరెంటు తగ్గుతుంది.

నాలుగవది, స్లాబు ధరలు. ఇది మనం లెక్క కట్టి చూడవలసిన సంగతి. పైన చెప్పిన 2022-23 టారిఫ్‌లో 31 నుంచి 75 దాకా యూనిట్‌కు రూ.3, 76 నుంచి 125 దాకా రూ.4.50, 126 నుంచి 225 దాకా రూ.6. నెలకు 150 యూనిట్లు వాడిన ఇంటికి యూనిట్ల చార్జీ 57 + 135 + 225 + 150 = రూ.567. అదే ఇల్లు 120 యూనిట్లతో సరిపెట్టుకుంటే 57 + 135 + 202.50 = రూ.394.50. వాడకం తగ్గింది 20 శాతం, ఖర్చు తగ్గింది 30 శాతం! ఎందుకంటే మనం మిగిల్చేది ఎప్పుడూ పై మెట్టులోని ఖరీదైన యూనిట్‌నే.

ఇంట గెలిచి రచ్చ గెలవాలి

ఇతరులకు పొదుపు చెప్పేవాడు ముందు తన కుండకున్న చిల్లి పూడ్చుకోవాలి. విద్యుత్ సంస్థల్లో చిల్లులు మూడు చోట్ల ఉంటాయి.

మొదటిది ఉత్పత్తి కేంద్రం. బొగ్గులోని వేడి 100 పాళ్లయితే పాత థర్మల్ యూనిట్లలో కరెంటుగా మారేది సుమారు 35 పాళ్లే. సూపర్ క్రిటికల్ యూనిట్లలో నీటిని సుమారు 218 వాతావరణ పీడనాలకు మించి ఒత్తిడిలో వేడిచేస్తారు. అప్పుడు నీరు తెర్లకుండానే నేరుగా ఆవిరవుతుంది, సామర్థ్యం సుమారు 38 నుంచి 40 పాళ్లకు పెరుగుతుంది. నెల్లూరు జిల్లా కృష్ణపట్నం దగ్గర నేలటూరులో ఇలాంటి 800 మెగావాట్ల యూనిట్లు మూడు ఉన్నాయి. ఆ కేంద్రం పేరు శ్రీ దామోదరం సంజీవయ్య థర్మల్ విద్యుత్ కేంద్రం. ఒక దళిత కుటుంబంలో పుట్టి 1960లో ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి అయిన ఆయన పేరు అక్కడ వెలుగుతున్నదని మన వసతిగృహ విద్యార్థులు తెలుసుకోవాలి.

రెండవది తీగలు. పదవ తరగతిలో జౌల్ నియమం చదువుకున్నాం. తీగలో పుట్టే వేడి విద్యుత్ ప్రవాహ వర్గానికి అనులోమానుపాతంలో ఉంటుంది. ప్రవాహం రెట్టింపైతే నష్టం నాలుగు రెట్లు. ఒకే సామర్థ్యాన్ని 400 వోల్టులకు బదులు 11,000 వోల్టుల మీద పంపితే ప్రవాహం 27.5 రెట్లు తగ్గుతుంది, అదే తీగలో నష్టం సుమారు 756 రెట్లు తగ్గుతుంది. పొలాల్లో అమలుచేసిన హెచ్‌వీడీఎస్ పద్ధతికి మూలం ఈ ఒక్క సూత్రమే. పూర్వం ఊరికొక పెద్ద ట్రాన్స్‌ఫార్మర్ పెట్టి, అక్కడి నుంచి చాలా దూరం తక్కువ వోల్టేజి తీగలు లాగేవారు. చివరి రైతుకు వోల్టేజి అందక మోటార్లు కాలిపోయేవి. ఈ పద్ధతిలో 11 కేవీ లైనును పొలం దాకా తెచ్చి, కొద్ది మోటార్లకు ఒక చిన్న ట్రాన్స్‌ఫార్మర్ పెడతారు. నష్టం తగ్గుతుంది, మోటార్లు నిలుస్తాయి, 11 కేవీ తీగకు కొక్కెం వేసే సాహసం ఎవరూ చేయరు.

మూడవది లెక్క. ఎంత పంపాం, ఎంతకు బిల్లు వచ్చింది అన్నది ఫీడరు ఫీడరుకూ తెలియకపోతే చిల్లి ఎక్కడుందో తెలియదు. అందుకే 2021లో వచ్చిన నిబంధనల ప్రకారం డిస్కంలు ఏటా ఇంధన ఆడిట్, మూడు నెలలకోసారి ఇంధన లెక్క సమర్పించాలి. పెద్ద పరిశ్రమల మాదిరిగా డిస్కంలకు కూడా తగ్గింపు లక్ష్యాలు పెట్టారు.

లోటుపాట్లు

ఇదంతా చదివి అన్నీ సవ్యంగా ఉన్నాయనుకోకూడదు. మీటరు లేని చోట పొదుపు లెక్క అంచనాగానే మిగులుతుంది. మంచి ఫ్యాన్ నెలనెలా బిల్లు తగ్గిస్తుంది కానీ ముందు ఎక్కువ డబ్బు పెట్టాలి. కూలి డబ్బుతో ఇల్లు గడుపుకునేవాడు చౌక ఫ్యానే కొంటాడు, జీవితాంతం ఎక్కువ బిల్లు కడతాడు. బల్బు విషయంలో సంస్థలు చేసిన మేలు, అంటే పెట్టుబడి తామే పెట్టి పొదుపులోంచి రాబట్టుకోవడం, ఫ్యాన్ల విషయంలో కూడా విస్తారంగా జరగాలి. అలా జరిగినప్పుడే గోడ మీద రాసిన నినాదానికి విలువ.

మన ఇళ్ల లెక్క, మన వసతిగృహం లెక్క

ఆంధ్రప్రదేశ్‌లో ఎస్సీ, ఎస్టీ కుటుంబాల ఉచిత విద్యుత్ పరిమితిని 2019లో నెలకు 200 యూనిట్లకు పెంచారు. తెలంగాణలో 2024 మార్చిలో మొదలైన గృహజ్యోతి పథకం కూడా అర్హులైన ఇళ్లకు 200 యూనిట్ల దాకా వర్తిస్తుంది. గృహజ్యోతిలో 200 దాటితే ఆ నెల మొత్తం బిల్లు కట్టాలి. 201వ యూనిట్ ఎంత ఖరీదైనదో ఆలోచించండి! ఎండాకాలంలో మన ఇళ్లు ఆ గీత దాటకుండా నిలిపేది రెండు పాత బల్బులు, ఒక పాత ఫ్యాన్ మార్చడమే కావచ్చు. ఈసారి సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు అమ్మానాన్నలకు ఈ సంగతి చెప్పండి, మీటరు చదవడం నేర్పండి.

ఇక వసతిగృహం. ఉదాహరణకు 20 పాత ట్యూబ్‌లైట్లు, చోక్‌తో కలిపి ఒక్కొక్కటి 52 వాట్లు, రోజుకు 6 గంటలు వెలిగితే 6.24 యూనిట్లు. 20 వాట్ల ఎల్ఈడీ ట్యూబులైతే 2.4 యూనిట్లు. 75 వాట్ల ఫ్యాన్లు 20, రోజుకు 10 గంటలు తిరిగితే 15 యూనిట్లు. 30 వాట్ల బీఎల్‌డీసీ ఫ్యాన్లయితే 6 యూనిట్లు. రెండూ కలిపి రోజుకు 12.84, నెలకు 385 యూనిట్ల ఆదా. స్టడీ అవర్స్‌లో ఒక్క దీపం కూడా ఆర్పకుండానే!

విద్యార్థి కమిటీ ఈ ఏడాది చేయదగిన పనులు:

1. ప్రతి నెలా ఒకటో తేదీన మీటరు రీడింగు తీసి నోటీసు బోర్డు మీద రాయాలి.
2. గదికొక విద్యార్థి దీపాల, ఫ్యాన్ల బాధ్యత తీసుకోవాలి. అందరం బడికి వెళ్లాక తిరిగే ఫ్యాన్ ఎవరికీ గాలి ఇవ్వదు.
3. ఓవర్‌హెడ్ ట్యాంకు పొంగిపోతుంటే బోరు మోటారు వెంటనే కట్టేయాలి. సాధ్యమైతే సాయంత్రం 6 నుంచి 10 మధ్య మోటారు వేయకూడదు.
4. ట్యూబ్‌లైట్ల మీద, ఫ్యాన్ రెక్కల మీద దుమ్ము వారానికొకసారి తుడవాలి. స్విచ్ ఆపి, పెద్దల సమక్షంలోనే.
5. పాడైన ట్యూబ్‌కు, ఫ్యాన్‌కు బదులు కొనేటప్పుడు వాట్లు, నక్షత్రాలు చూసి కొనమని వార్డెన్ గారికి లెక్కతో సహా వినతి ఇవ్వాలి.

పూర్వ విద్యార్థులకు ఒక మనవి. మీలో లైన్‌మెన్లుగా, ఎలక్ట్రీషియన్లుగా, ఇంజనీర్లుగా స్థిరపడినవారు ఉంటారు. ఒక ఆదివారం వచ్చి వసతిగృహం వైరింగు పరీక్షించి, పిల్లలకు మీటరు చూపించి వివరిస్తే అది ఏ బహుమతికీ తీసిపోదు. ఒక గదికి నాలుగు మంచి ఫ్యాన్లు ఇస్తే, ఆ గదిలో చదివే ప్రతి బ్యాచ్‌కూ మీ చేతి గాలి తగులుతుంది.

2012-13లో ఉమ్మడి రాష్ట్రంలో కరెంటు చాలక పరిశ్రమలకు పవర్ హాలిడే ప్రకటించారు. పల్లెల్లో గంటల తరబడి కోతలు పెట్టారు. కోత వచ్చినప్పుడు జనరేటర్ ఉన్నవాడి ఇల్లు చీకటి కాలేదు, పరీక్షలకు చదివే పేద పిల్లల ఇళ్లే చీకటయ్యాయి. అందుచేత పొదుపు అన్నది డిస్కం కోసం చేసే ఉపకారం కాదు. మన చదువు సాగడానికి మనం చేసుకునే ఏర్పాటు. దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకుందాం.