ముసురు పట్టిన తోటకు కావలసింది గాలి

2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. ఇలాంటి తుపాను వచ్చినప్పుడు పొలాల్లో జరిగే నష్టం వెంటనే కనిపిస్తుంది. పెరళ్లలో, మిద్దె తోటల్లో నష్టం మాత్రం వాన వెలిశాక నెమ్మదిగా బయటపడుతుంది. ఈశాన్య రుతుపవనాలు, వాయుగుండాలు కోస్తా ఆంధ్రకు వానలు తెచ్చేది అక్టోబరు నుంచి డిసెంబరు వరకు. ఇంటి తోటల్లో టమాటా, క్యాబేజీ, పాలకూర, కొత్తిమీర ఎదిగేదీ ఆ రోజుల్లోనే. నాలుగైదు రోజులు ముసురు పడితే ఎండ ఉండదు, గాలిలో తేమ తగ్గదు, రాత్రుళ్లు చల్లబడతాయి. ఆకులు వాలతాయి, పసుపెక్కుతాయి, పూత రాలుతుంది.

అప్పుడు చాలామంది వాలిన మొక్కకు నీళ్లు పోస్తారు. పసుపెక్కిన మొక్కకు యూరియా వేస్తారు. మచ్చలు కనిపిస్తే చేతికందిన మందు కొడతారు. ఈ మూడు పనులూ తరచుగా మేలు కంటే కీడే చేస్తాయి. ఎందుకంటే చల్లని, తడి వాతావరణంలో మొక్కకు ముందుగా కొరవడేది నీరూ కాదు, ఎరువూ కాదు, గాలి.

తడి మట్టిలో మొక్క ఎందుకు వాలుతుంది?

వేళ్లు కూడా శ్వాసిస్తాయి. మట్టి రేణువుల మధ్య ఖాళీల్లో ఉండే ఆక్సిజన్ వాటికి ఆధారం. వాన నీరు ఆ ఖాళీలను నింపేస్తే ఆక్సిజన్ సరఫరా దాదాపు ఆగిపోతుంది. గాలిలో వ్యాపించే దానికంటే నీటిలో ఆక్సిజన్ సుమారు 10,000 రెట్లు నెమ్మదిగా వ్యాపిస్తుంది. ఆక్సిజన్ ఉన్నప్పుడు వేరు కణం ఒక గ్లూకోజ్ అణువు నుంచి సుమారు 30 ఏటీపీ అణువుల శక్తిని పొందుతుంది. ఆక్సిజన్ లేకుండా పులియబెట్టే పద్ధతిలో దక్కేవి 2 మాత్రమే.

శక్తి తగ్గిన కణంలో ఆమ్లత్వం పెరుగుతుంది. దాంతో కణపొరల్లో నీటిని రానిచ్చే సన్నని ద్వారాలు, అంటే ఆక్వాపోరిన్లు, మూసుకుంటాయి. చుట్టూ నీరున్నా వేరు దాన్ని తాగలేదు. టమాటాలోనైతే ఉక్కిరిబిక్కిరైన వేళ్ల నుంచి ఒక రసాయనం పైకి వెళ్లి, ఆకుల్లో ఇథిలీన్ వాయువుగా మారుతుంది. దాని ప్రభావంతో ఆకు కాడలు కిందికి వంగుతాయి. చూడటానికి దాహంతో వాలిన మొక్కలాగే ఉంటుంది. ఇప్పుడు నీళ్లు పోస్తే మిగిలిన కొద్దిపాటి గాలి కూడా పోతుంది.

తేడా తెలుసుకోవడం కష్టం కాదు. వేలిని రెండు అంగుళాల లోతుకు గుచ్చి చూడండి, చిన్న కుండీ అయితే ఎత్తి చూడండి. మట్టి తడిగా, కుండీ బరువుగా ఉండి మొక్క వాలిందంటే అది దాహం కాదు. మట్టి నుంచి మురుగు వాసన వస్తే వేళ్లు కుళ్లడం మొదలైందని అనుమానించాలి.

కుండీ అడుగున నిలిచే తడి

నీరు కారిపోయేందుకు కుండీ అడుగున గులకరాళ్లు పరవడం చాలామందికి అలవాటు. దానివల్ల అనుకున్న ఫలితం రాదు. వంటింటి స్పాంజిని నీటిలో ముంచి, పడుకోబెట్టి పట్టుకోండి. కారడం ఆగాక దాన్ని నిలువుగా తిప్పితే మళ్లీ నీరు కారుతుంది. పొడవు పెరిగినప్పుడు స్పాంజి నీటిని తక్కువగా పట్టి ఉంచుతుంది. మట్టిదీ అదే తీరు. ఎంత కారినా అడుగున ఒక పొర తడిసి ముద్దగానే ఉంటుంది. గులకరాళ్లు వేస్తే ఆ పొర పైకి జరుగుతుంది, వేళ్లకు దక్కే చోటు ఇంకా తగ్గుతుంది.

లోతైన కుండీ, గుల్లగా ఉండే మట్టి మిశ్రమం, పూడిపోని రంధ్రాలు ఇంతకంటే మేలు. మిద్దె మీద కుండీలను ఇటుకల మీద ఎత్తి పెడితే రంధ్రాలు మూసుకోవు. ముసురు రోజుల్లో కుండీల కింది పళ్లేలను తీసేయాలి. పెరట్లోనైతే ఎత్తు మడులు, పక్కన చిన్న కాలువ ఇదే పని చేస్తాయి.

పసుపు రంగు ఏం చెబుతోంది?

ముందుగా అడుగున ఉన్న ముదురు ఆకులు పసుపెక్కితే నత్రజని తగ్గిందని అర్థం. వాన నైట్రేటును కడిగేస్తుంది. గాలి లేని మట్టిలో కొన్ని బ్యాక్టీరియాలు ఆక్సిజన్‌కు బదులు నైట్రేటును వాడుకుని, దాన్ని వాయువుగా మార్చేస్తాయి. చల్లబడిన మట్టిలో సేంద్రియ ఎరువు కుళ్లి పోషకాలుగా మారడమూ మందగిస్తుంది. లేత ఆకులు పసుపెక్కి ఈనెలు మాత్రం పచ్చగా ఉంటే అది ఇనుము అందని సూచన. తడి రోజుల్లో ఇది తరచుగా వేరు ఇబ్బంది వల్లే వస్తుంది.

పోషకాలను లోపలికి తీసుకోవడానికి వేరుకు శక్తి కావాలి. ఊపిరాడని వేరుకు యూరియా వేస్తే ఎక్కువ భాగం కారిపోతుంది. ముందు నీరు పోనివ్వండి. కొత్త చిగురు కనిపించాక పలుచని వర్మీకంపోస్టు పొర వేస్తే చాలు.

ఆకు మీద తడి ఎన్ని గంటలు?

చాలా తెగుళ్లకు ఆకు మీద నీటి పొర కొన్ని గంటలపాటు నిలిచి ఉండాలి. లేట్ బ్లైట్ అనే మాడు తెగులు దీనికి మంచి ఉదాహరణ. దీనికి కారణమైన ఫైటోఫ్థోరా ఇన్ఫెస్టాన్స్ 1845 నుంచి ఐర్లాండులో బంగాళాదుంప పంటను తుడిచిపెట్టింది. ఆ కరవులో సుమారు 10 లక్షల మంది చనిపోయారు. ఇదే జీవి టమాటానూ పట్టుకుంటుంది. సుమారు 12 నుంచి 15 డిగ్రీల చలిలో, తడి ఆకు మీద దీని బీజాశయాలు పగిలి, ఈదగల సిద్ధబీజాలను వదులుతాయి. చలీ తడీ కలిసినప్పుడు తెగులు వేగంగా పాకడానికి కారణం ఇదే. అందుకే సిమ్లాలోని కేంద్ర బంగాళాదుంప పరిశోధన సంస్థ వాతావరణ వివరాల ఆధారంగా రైతులను ముందే హెచ్చరించే ‘ఇండో-బ్లైట్‌కాస్ట్’ విధానాన్ని రూపొందించింది.

ఫైటోఫ్థోరా నిజమైన శిలీంధ్రం కాదు, నీటి బూజుల కుటుంబానికి చెందినది. నారు మొదలు మెత్తబడి ఒరిగిపోయే నారుకుళ్లుకు ముఖ్య కారణమైన పిథియం, తీగజాతి మొక్కలకు బూజు తెగులు తెచ్చే జీవి కూడా ఇదే కుటుంబం. అందువల్ల ఇళ్లలో తరచుగా వాడే కార్బెండజిమ్ వీటి మీద పనిచేయదు. తినే ఆకు మీద మందు పడుతుంది, తెగులు మాత్రం ఆగదు.

కాబట్టి ముందు గుర్తుపట్టండి. ఆకు పైన తెల్లని పొడిలా ఉండి వేలికి అంటితే బూడిద తెగులు, దానికి ఆకు మీద నీటి పొర అక్కర్లేదు. పైన ఈనెల మధ్య పసుపు మచ్చలు, అడుగున బూడిదరంగు బూజు ఉంటే బూజు తెగులు. టమాటా ఆకుపై నీరు పట్టినట్టు నల్లబడే మచ్చలు, ఉదయం వాటి అడుగున అంచుల్లో తెల్లని బూజు ఉంటే లేట్ బ్లైట్. అలాంటి ఆకులను వెంటనే తీసి సంచిలో కట్టి పారేయాలి, కంపోస్టులో వేయకూడదు.

1885లో ఫ్రాన్స్ శాస్త్రవేత్త మిలార్డే వెలుగులోకి తెచ్చిన బోర్డో మిశ్రమం (లీటరు నీటికి 10 గ్రాముల మైలుతుత్తం, 10 గ్రాముల సున్నం) నేటికీ వాడుకలో ఉంది. అది తెగులు రాకుండా కాపాడేదే కానీ, వచ్చినదాన్ని నయం చేసేది కాదు. ఆరని చల్లని వాతావరణంలో చల్లితే రాగి ఆకులనే మాడ్చవచ్చు. ఆకుకూరల మీద దీన్ని వాడకపోవడమే మంచిది.

పూత రాలితే

రాత్రి ఉష్ణోగ్రత 13 డిగ్రీల కంటే తగ్గితే టమాటా పుప్పొడి సరిగా పనిచేయదు. తేమ ఎక్కువైతే పుప్పొడి ముద్దకట్టి రాలదు. వాన తెరిపిచ్చిన మధ్యాహ్నం పూగుత్తిని వేలితో మెల్లగా తడితే కాయ నిలిచే అవకాశం పెరుగుతుంది. తీగజాతి కూరగాయలకు తేనెటీగలు కావాలి, వానలో అవి తిరగవు. చిన్న పిందె ఉన్న ఆడపువ్వుకు మగపువ్వు పుప్పొడిని మనమే తాకించవచ్చు. కాకర, గుమ్మడి పూలు తెల్లవారుజామున, సొర, బీర పూలు సాయంత్రం విచ్చుకుంటాయి కనుక ఆ వేళలు చూసుకోవాలి.

ముసురుకు ముందే చేయాల్సినవి

* నారు విత్తనాలను పలుచగా చల్లండి. మట్టిలో వర్మీకంపోస్టుతో కలిపి ట్రైకోడెర్మా వేయండి. రాగి మందును దానితో కలపకండి.
* టమాటాను కర్రకు కట్టి, నేలను తాకే అడుగు ఆకులను తుంచేయండి.
* కుండీల మధ్య ఎడం పెంచండి.
* నీరు పోయాల్సి వస్తే ఉదయమే, మొదట్లో మాత్రమే పోయండి.
* కుండీల కింద దాగే నత్తలను రాత్రిపూట ఏరేయండి.

వాతావరణ శాఖ అల్పపీడనం గురించి చెప్పిన రోజే ఈ పనులు చేస్తే, వాన వెలిశాక మందుల డబ్బా తీయాల్సిన అవసరం చాలావరకు తప్పుతుంది.