ఫోస్టర్ కేర్ నుంచి డిగ్రీ దాకా: చట్టం ఎక్కడ ఆగిపోతోంది?

సికింద్రాబాద్ స్టేషన్‌లో ఒంటరిగా దొరికిన పిల్లలు ఎవరి దగ్గర ఉండాలో తేల్చేది బాలల సంక్షేమ కమిటీ. బాలల న్యాయ చట్టం–2015లోని 44వ సెక్షన్ కింద ఫోస్టర్ కుటుంబానికి అప్పగించవచ్చు. చిక్కు ఆ తర్వాతే. 18 ఏళ్లు నిండాక ఆర్థిక సాయం గురించి చెప్పే 46వ సెక్షన్‌లో ‘సంరక్షణ సంస్థ’ను వీడినవారి మాటే ఉంది, కుటుంబంలో పెరిగినవారి ఊసు లేదు.

అనాథలకు తెలంగాణలో బీసీ-ఏ రిజర్వేషన్ ఉంది కదా అనవచ్చు. ఉంది, కానీ పదేళ్లలోపే తల్లిదండ్రులను కోల్పోయి, ప్రభుత్వ గుర్తింపున్న బడిలోనో అనాథాశ్రమంలోనో చేరినవారికే. తల్లి బతికుండీ పెంచలేని పిల్ల అందులోకి రాదు. ఇలాంటివారిని గుర్తించడానికి కాలేజీ దరఖాస్తులో విడిగా ఒక గడి పెడితే ముద్ర పడుతుందన్న భయం సబబే. అందుకే జవాబు ఐచ్ఛికంగా ఉండాలి, రుజువుకు కమిటీ ఉత్తర్వు చాలు. గడువు సంగతి ఇంకా మొండిది: చట్టం నిర్వచించిన ఆఫ్టర్‌కేర్ (18 నిండాక ఇచ్చే సాయం) 21 ఏళ్లకే ఆగుతుంది, 18లో చేరిన ఇంజినీరింగ్ 22కి గానీ ముగియదు.