తుప్పు తిన్న రిమ్ము పనికొస్తుందా?

ప్రశ్న: మా ట్రాక్టర్ వెనక రిమ్ములు లోపలివైపు తుప్పు పట్టి గుంటలు పడ్డాయి. ట్యూబు మాటిమాటికీ పంక్చరవుతోంది. కొత్తవి కొనాల్సిందేనా?
– ఒక వరి రైతు, పశ్చిమ గోదావరి జిల్లా

జవాబు: గాలిని పట్టి ఉంచేది ట్యూబే కాబట్టి గుంటలు పడినంత మాత్రాన రిమ్ము పారేయక్కర్లేదు. గుంటల అంచున లేచిన తుప్పు పెచ్చులే ట్యూబును కొరుకుతున్నాయి.

ముందు గాలి పూర్తిగా తీసి, టైరు విప్పించి, రేకు మందం చూడండి. వైరు బ్రష్షుతో గీకి చిన్న సుత్తితో కొట్టుకుంటూ రండి. ఖంగుమంటే గట్టిదే. మొద్దుగా మోగినా, సొట్ట పడినా రేకు తినేసినట్టే. వాల్వు బెజ్జం చుట్టూ మరీ జాగ్రత్త. దమ్ములో బురద నీరు దూరేది అక్కడే. అక్కడ గానీ, టైరు అంచు కూర్చునే చోట గానీ, బోల్టు బెజ్జాల దగ్గర గానీ పగులు కనిపిస్తే రిమ్ము మార్చేయండి.

ఒక్కటి ప్రాధేయపడి చెబుతున్నాను. టైరు ఉండగా రిమ్ముకు వెల్డింగ్ చేయించకండి, గాలి తీసేసినా సరే. వేడికి లోపలి రబ్బరు నుంచి మండే వాయువులు పుట్టి టైరు పేలిపోతుంది. అలా ప్రాణాలు పోయాయి.

రేకు గట్టిగా ఉంటే శాండ్ బ్లాస్టింగ్ చేయించి, వెంటనే ఎపాక్సీ ప్రైమర్ కొట్టించండి. లోతు గుంటల్లో ఎపాక్సీ పుట్టీ నింపి నున్నగా రుద్దాలి. పుట్టీతో బలం రాదు, నునుపు వస్తుంది, అంతే. ఆపైన పెయింటు. వాల్వు బెజ్జం అంచుల్ని ఆకురాయితో ముందే రాయించండి. పెయింటు బాగా గట్టిపడ్డాకే టైరు ఎక్కించండి. ఎక్కించేటప్పుడు సబ్బు నీళ్లు వాడండి. గ్రీజు రబ్బరును పాడుచేస్తుంది.